విన్నట్లుగా భావించడమైనది

జనగామ పట్టణంలో నివసించే ఒక వ్యక్తికి సొంత అభిప్రాయం ఉన్నట్లు ఇటీవల వెలుగులోకి వచ్చింది. అది ఏ సంఘానికీ చెందినది కాదనీ, ఏ పార్టీ కార్యాలయం నుంచీ రాలేదనీ, కులపెద్దలెవరూ దానిపై చర్చించి ఉండలేదనీ, సదరు వ్యక్తి తన గదిలో తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని దానిని స్వయంగా తయారుచేసుకున్నాడనీ ప్రాథమిక విచారణలో తేలింది. ఇంతటి ప్రమాదం మూడు జిల్లాల శాంతిభద్రతలకు భంగం కలగకుండా పరిష్కారమైన తీరు భావితరాలకు ఆదర్శప్రాయం గనుక, ఆ వివరాలను ఇందుమూలంగా తెలియజేయడమైనది.

సదరు వ్యక్తి పేరు అకీల్. వయస్సు ముప్పై దాటింది. చదువు బి.కాం. స్టేషన్ రోడ్డులో తండ్రి వదిలివెళ్ళిన కళ్ళద్దాల దుకాణం నడుపుతాడు. పగలంతా జనగామ ప్రజల చూపు సరిచేసి, దుకాణం మూశాక రాక్, ఇమో, హిప్‌హాప్ ఆల్బమ్‌లు వింటాడు. విని ఊరుకుంటే ఈ కథ లేదు. ఇంటర్నెట్‌లోని తన పేజీలో ఒక్కొక్క ఆల్బమ్‌పై అభిప్రాయం రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేస్తాడు. మార్కులలో దశాంశాలు కూడా ఉంటాయి. ఆరు పాయింట్ మూడుకూ ఆరు పాయింట్ నాలుగుకూ తేడా ఏమిటని అడిగితే చాలాసేపు చెప్పగలడు. అందుకే ఎవరూ అడగరు.

అతని విమర్శనా పద్ధతి గురించి ఒకటి రెండు ఉదాహరణలు చాలు. దేశదేశాల్లో పేరుమోసిన ఒక రాక్ బృందం గిటారు వాయింపును గురించి, “పెళ్ళిలో మైకు దొరికిన మేనమామకు మల్లే ఎక్కడ ఆపాలో తెలియలేదు” అని రాశాడు. ఒక హిప్‌హాప్ గాయకుడు చరణం మధ్యలో ఊపిరి పీల్చుకోవడం వినబడిందనీ, ఆల్బమ్ మొత్తంలో ఆ ఊపిరి ఒక్కటే నమ్మదగినదిగా ఉందనీ ఒక మార్కు కలిపాడు. ఇక ఇమో అనేది, కడుపు నిండిన ఇళ్ళ పిల్లలు గిటార్లు పట్టుకుని గొంతు చించుకుని దుఃఖించే విభాగం. ఈ విభాగంలో అకీల్ తల్లి మరియం బీ అభిప్రాయం కూడా ఒకసారి నమోదయింది.

“క్యా రే, ఆ పోరడు గట్ల ఎందుకు ఏడుస్తుండు? వాళ్ళమ్మ లేదా?”

“ఉంది అమ్మీ. మంచిగనే ఉంది.”

“మరి బువ్వ పెడ్తలేదా?”

“పెడ్తుంది. వాడు ప్రేమించిన పిల్ల వేరే ఊరికి పోయిందంట.”

“బస్సెక్కి పొమ్మను. గింత లొల్లి దేనికి?”

ఈ ప్రశ్నకు ఇమో సంగీత ప్రపంచం ఇంతవరకు సమాధానం ఇవ్వలేదు. అకీల్ ఆ ఆల్బమ్‌కు అర మార్కు తగ్గించాడు.

ఈ విధంగా ఏళ్ళ తరబడి అతడు ఎందరి శ్రమకో ఐదులూ ఆరులూ వేస్తూ వచ్చినా జనగామలో ఎవరి మనోభావాలూ గాయపడలేదు. బాధితులు విదేశీయులు. వారికి ఇక్కడ సంఘం లేదు. సంఘం లేనివారికి మనోభావాలు ఉండవన్నది అందరికీ తెలిసిన విషయమే.

చిక్కు వెంకటేశ్‌తో వచ్చింది. వెంకటేశ్‌ది మహబూబాబాద్ జిల్లా, నెల్లికుదురు దగ్గరి ఒక తండా. అతడూ అకీలూ వరంగల్లులో డిగ్రీ చదివిన రోజుల్లో హాస్టల్లో ఒకే గది, ఇద్దరికీ కలిపి ఒకే ఇయర్‌ఫోను. ఎడమ చెవిది అకీల్‌కు, కుడి చెవిది వెంకటేశ్‌కు. చాలా ఆల్బమ్‌లలో ఒక వాయిద్యం ఎడమవైపు, మరొకటి కుడివైపు మోగుతుంది గనుక, అకీల్ ఆ మూడేళ్ళూ సగం సంగీతం విని పూర్తి మార్కులు వేశాడు. పేరుగల విమర్శకులు అనేకులు ఇదే పద్ధతిలో స్థిరపడ్డారు గనుక దీనిని దోషంగా ఎంచలేం. ఆ గదిలోనే వారిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. “పాట బాగలేకుంటే బాగలేదని చెప్పాలె. దోస్తానా మనిషితోని, పాటతోని కాదు” అన్నాడు వెంకటేశ్. అకీల్ చెయ్యి కలిపాడు. వయసులో ఉన్నవారు ఇటువంటి ప్రమాదకరమైన మాటలు ఇచ్చుకుంటూ ఉంటారు.

ఈ ఏడాది వెంకటేశ్ ‘గల్లీ చక్రవర్తి’ అనే హిప్‌హాప్ ఆల్బమ్ తెచ్చాడు. తొమ్మిది పాటలు. మానుకోట గౌరవ పరిరక్షణ సమితి అధ్యక్షుడు ఐలేశ్ చేతుల మీదుగా, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో ఆవిష్కరణ ఘనంగా జరిగింది. ఆల్బమ్ ఫోనులో ఉన్నందున ఆవిష్కరించడానికి ఏమీ దొరక్క, ఫోనుకు రిబ్బను కట్టి కత్తిరించారు. ఐలేశ్ అక్కడికక్కడే పదికి పది మార్కులు ప్రకటించాడు. ఆల్బమ్ వినే ముందు ప్రకటించడం వల్ల ఆ మార్కులకు నిష్పక్షపాతం అనే గుణం కూడా చేకూరింది.

వెంకటేశ్ మాత్రం అకీల్‌కు విడిగా ఒక సందేశం పంపాడు: “మొత్తం విని మార్కు వెయ్యి. మొహమాట పడకు.”

అకీల్ మొత్తం విన్నాడు. మళ్ళీ విన్నాడు. తరువాత రాశాడు: “నాలుగు. మొదటి ఎనిమిది పాటల నిండా నల్ల కార్లు, తుపాకులు, బంగారు గొలుసులు. నా మిత్రునికి ఉన్నది పాత మోటారుసైకిలు, దానికి హారను పనిచేయదు. అతని తండాలో గల్లీ కూడా లేదు. ఈ ఎనిమిది పాటలు ఎవరివో నాకు తెలియదు, వెంకటేశ్‌వి మాత్రం కావు.”

అభిప్రాయం ఇక్కడితో అయిపోలేదు. ఇంతకు నాలుగింతలు తొమ్మిదో పాట గురించి ఉంది. ఆ పాట పేరు ‘ఘాటు’. వెంకటేశ్ తన ఇంటి భాషలో పాడినది అదొక్కటే. మిరప కల్లంలో అతని నాయనమ్మ సోమ్లీ దగ్గిన దగ్గే దానికి తాళం. సంచుల గరగర, ఆడవాళ్ళ తుమ్ములు, వాటి మీదుగా వెంకటేశ్ గొంతు. చివరికి ఫోను పక్కన పెట్టి సంచి పట్టమని సోమ్లీ తిట్టడంతో పాట ముగుస్తుంది. “ఈ పాటకు మార్కు వేయడం నాకు చేతకాలేదు. దీని కోసం మిగిలిన ఎనిమిదింటినీ తీసి పారేయవచ్చు. వెంకటేశ్ ఇక్కడి నుంచి మొదలుపెడితే నేను బతికున్నంత కాలం వింటాను” అని అకీల్ ముగించాడు.

కాని ఫోను తెరపై మొదటి రెండు మూడు పంక్తులు మాత్రమే కనబడతాయి. వాటి కింద ‘ఇంకా చదవండి’ అని ఉంటుంది. దానిని నొక్కే ఆచారం ఈ మూడు జిల్లాలలో లేదు.

తెల్లవారేసరికి ‘నాలుగు’ ఒక్కటే ఫొటోగా మారి ఇంటింటికీ చేరింది. కింద ఎవరో, ‘మానుకోటకు జనగామోడు ఏసిన మార్కు ఇది’ అని చేర్చారు. వెనుకటి రోజులైతే ఇవన్నీ ఒకే జిల్లా, నాలుగు మార్కులు కుటుంబ వ్యవహారంగా సమసిపోయేవి. పరిపాలనా సౌలభ్యం కోసం జిల్లాలు విడదీసిన తరువాత ప్రతి జిల్లాకూ ఒక కలెక్టరుతో పాటు ఒక ఆత్మగౌరవం కూడా మంజూరయింది. పైగా అది పనిలేక ఖాళీగా ఉంది.

ముందుగా ఐలేశ్ ఫోను చేశాడు.

“ఎవరి తరఫున ఏసినవ్ తమ్మీ నాలుగు?”

“నా తరఫుననే అన్నా.”

“అది కాదు. నీ ఎనుక ఎవరున్నరు?”

అకీల్ వెనక్కి తిరిగి చూశాడు. ఫ్రేముల అలమార ఉంది. “ఎవ్వరు లేరన్నా.”

“గట్లెట్ల ఉంటదే? ఎవ్వరు లేకుండ నాలుగెట్ల ఏస్తవ్? సంఘం పేరు చెప్పు, మేం మేం మాట్లాడుకుంటం.”

“పాటలు విని ఏసిన అన్నా. చివరి పాట మీరు విన్నరా?”

“ముచ్చట మార్చకు” అని ఐలేశ్ ఫోను పెట్టేశాడు.

సంఘం లేని లోటు ఆ మధ్యాహ్నమే తీరింది. జనగామ ఘనతా వేదిక అధ్యక్షుడు రాజలింగం, దండతో, ఫొటోగ్రాఫరుతో దుకాణానికి విచ్చేశాడు. దుకాణం అద్దెకున్న మడిగె ఆయనదే గనుక లోపలికి రావద్దని చెప్పే వీలు లేదు. “జనగామ బిడ్డ నాలుగన్నడంటే నాలుగే! అవసరమైతే రెండు కూడ ఏస్తం!” అని మెడలో దండ వేశాడు. తాను వేసిన మార్కు తనది కాదని అకీల్‌కు తెలిసింది అప్పుడే.

తరువాతి పరిణామాలు పత్రికల్లో వచ్చినవే. మహబూబాబాద్‌లో అకీల్ దిష్టిబొమ్మకు హెడ్‌ఫోన్లు పెట్టి దహనం చేశారు; మంట పెట్టేముందు హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తచేశారు. హిప్‌హాప్ మానుకోట గడ్డ మీద పుట్టి అమెరికాకు వలస పోయిందని ఐలేశ్ నిరూపించాడు. అట్లయితే ఇమో జనగామ సొత్తనీ, ఏడుపు అనేది కరువు ప్రాంతపు హక్కనీ, నీళ్ళున్నవాళ్ళకు ఏడుపుతో పనేమిటనీ రాజలింగం ఎదురు ప్రకటన ఇచ్చాడు. రఘునాథపల్లి దగ్గర రాస్తారోకో జరిగింది. లారీ దిగిన ఒక డ్రైవరు, ఇమో అంటే కొత్త పథకమేమో అనుకుని, దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. వివరాలు తరువాత చెబుతామన్నారు.

ఇంత గౌరవం దక్కినా అకీల్‌కు సంతోషం లేదు. వెంకటేశ్ నుంచి వచ్చిన సందేశం ఒక్కటే: “నాలుగా?” దానికి ఇతడు “మొత్తం చదువు” అని జవాబిచ్చాడు. ఆ తరువాత అటునుంచి మాట లేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఎవరు దండ వేసినా, ఎవరు బొమ్మ కాల్చినా అకీల్ చూపు కౌంటరు మీది ఫోను మీదే ఉండేది. ఒకరోజు దూరపు చూపు అద్దాలు కావలసిన మనిషికి దగ్గరి చూపువి ఇచ్చి పంపాడు. ఆ మనిషి రెండు రోజులు వాడి, బాగున్నాయని చెప్పాడు.

“ఎంకటేశ్ ఫోన్ చేసిండా?” అని మరియం బీ అడిగింది.

“లే అమ్మీ.”

“పది వెయ్‌రా. మార్కులేమన్న మనింట్లకెళ్ళి పోతున్నయా?”

“అబద్ధం చెప్పనని వానికి మాటిచ్చిన.”

“గదే చెప్పు వానికి.”

“ఫోన్ ఎత్తుతలేడు.”

మరియం బీ కొడుకు పళ్ళెంలో ఇంకొంచెం కూర వేసింది.

రెండు జిల్లాల ప్రతిష్టంభన తొలగించడానికి తటస్థ ప్రాంతంగా మూడో జిల్లా అయిన భూపాలపల్లిని ఎంపిక చేశారు. అక్కడ ఒక ఫంక్షన్ హాలులో సామరస్య సమావేశం. అధ్యక్షురాలు భాగ్యమ్మ, ఎన్నో ప్రజాభిప్రాయ సేకరణలు నిర్వహించి పదవీ విరమణ చేసిన అధికారిణి. ఆమె హయాంలో సేకరించవలసిన అభిప్రాయం ముందుగానే సిద్ధంగా ఉండేదనీ, ప్రజలు వచ్చి దానిని చూసి, భోంచేసి వెళ్ళేవారనీ, ఒక్క కుర్చీ కూడా ఎన్నడూ విరగలేదనీ ప్రతీతి.

వేదిక మీద వెంకటేశ్‌ను మధ్యలో కూర్చోబెట్టారు. బాధితుడు గనుక అతడు మాట్లాడరాదు. అకీల్‌ను కింద మొదటి వరుసలో కూర్చోబెట్టారు. అభిప్రాయం జనగామ జిల్లాది గనుక అతడూ మాట్లాడరాదు. మిత్రుని వైపు చూశాడు. వెంకటేశ్ పూలకుండీని చూస్తున్నాడు.

ఐలేశ్ మైకు అందుకున్నాడు. “సోదర సోదరీమణులారా! వెంకటేశ్ పాట పాట గాదు, మానుకోట గుండె చప్పుడు! ఆ గుండెకు నాలుగు మార్కులంటే నేనడుగుతున్న, మీ గుండెకు ఎన్ని మార్కులు?” హాలు చప్పట్లతో మారుమోగింది. రాజలింగం లేచి, జనగామ ఎన్నడూ ఎవరి గుండెకూ మార్కులు వేయలేదనీ, ముందుముందు కూడా వేయబోదనీ హామీ ఇచ్చాడు.

తరువాత బేరం. అంగడిలో ఎడ్లు కొనేటప్పుడు నలుగురి ముందు ధర చెప్పడం మర్యాద కాదు గనుక, కండువా కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని ఖరారు చేసుకోవడం ఈ ప్రాంతపు పద్ధతి. అదే పద్ధతిలో ఇద్దరు అధ్యక్షులూ సన్మానపు శాలువా కింద చేతులు కలిపారు. ఐలేశ్ పది పట్టినట్లుంది, రాజలింగం ఆరు. శాలువా కాసేపు కదిలింది. చివరికి ఇద్దరూ నవ్వుతూ చేతులు తీశారు. తొమ్మిది.

సంతకం కోసం కాగితం అకీల్ ముందుకు వచ్చింది. అతడు లేచి నిలబడ్డాడు.

“మేడమ్, తొమ్మిదో పదో మీ ఇష్టం. ఒక్కటే అడుగుతున్న. ముందు చివరి పాట అందరం కలిసి మొత్తం విందాం. విన్నంక మీరు ఏ అంకె చెప్తే దానికి సంతకం పెడ్త.”

సంగీత వివాద పరిష్కార సమావేశంలో సంగీతం వినిపించాలన్న కోరిక సభను విస్మయపరచింది. ఇటువంటి పూర్వ సందర్భం ఏదీ లేదు. అయినా భాగ్యమ్మ ఉదార స్వభావంతో అనుమతించారు. వెంకటేశ్ పూలకుండీ మీది నుంచి చూపు తిప్పాడు.

పాట మొదలైంది. పెద్ద సౌండు బాక్సుల్లో సోమ్లీ దగ్గింది. ఒకసారి దగ్గి, ఊపిరి అందుకుని, మళ్ళీ దగ్గింది. మొదటి వరుసలో ఒకరు వైరు చూడమని సైగ చేశారు. సోమ్లీ ఇంకా దగ్గుతూనే ఉంది. ఐలేశ్ మైకు అందుకుని, “ఎవరో ముసలామె దగ్గుతున్నది, జర బయటికి తోల్కపోండ్రి. కార్యక్రమం ఖరాబ్ చెయ్యద్దు” అన్నాడు. ఇద్దరు కార్యకర్తలు ఆడవాళ్ళ వరుసల్లోకి వెళ్ళి, దగ్గని ఒక ముసలావిడను మర్యాదగా బయటికి పంపించారు. అయినా దగ్గు ఆగకపోవడంతో సౌండు మనిషి లోపం కనిపెట్టి మీట కట్టేశాడు.

నిశ్శబ్దం మధ్య భాగ్యమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చదివారు: “పాట విన్నట్లుగా భావించడమైనది.”

“సంతకం పెట్టను మేడమ్” అన్నాడు అకీల్.

“అభ్యంతరం లేనట్లుగా భావించడమైనది. తొమ్మిది మార్కులు ఏకగ్రీవం.”

ఇక వందన సమర్పణకు వెంకటేశ్‌ను పిలిచారు. శాలువాతో, జ్ఞాపికతో మైకు ముందుకు వచ్చి పక్కకు తిరిగి అడిగాడు: “ఐలేశన్నా, నీకు ఏ పాట నచ్చింది?”

“ఒకటా రెండా తమ్మీ! అన్నీ ఆణిముత్యాలే!”

చప్పట్ల మధ్య వెంకటేశ్ మైకు వదిలి దిగిపోయాడు. భోజనాలు బాగున్నాయని అందరూ అన్నారు. భోంచేసి అన్నారు.

హనుమకొండ బస్సులో అకీల్ కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలే ముందు వెంకటేశ్ ఎక్కి, ఖాళీ సీట్లు ఎన్నో ఉండగా వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. బస్సు రేగొండ దాటింది.

“మా దాదీని బయటికి తోల్కపొమ్మన్నరు రా” అన్నాడు వెంకటేశ్.

“విన్న.”

“నాలుగు చూసి ఫోన్ పక్కకు పెట్టిన. కింద ఏం రాసినవో సదవలే.”

“నీ పాట మీద రాసింది నువ్వన్న సదవాలె గదరా!”

“కడుపు మండింది.”

“ఇప్పుడు సదువు.”

వెంకటేశ్ చదివాడు. కాసేపు కిటికీ వైపు చూశాడు, కిటికీకి అడ్డంగా అకీల్ మొహం ఉన్నా. తరువాత జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి, ఎడమది మిత్రునికి ఇచ్చాడు. ఇద్దరూ చివరి పాట చివరిదాకా విన్నారు. పరకాల వచ్చేలోగా వెంకటేశ్ తన ఆల్బమ్ నుంచి మొదటి ఎనిమిది పాటలనూ ఒక్కొక్కటిగా తీసేశాడు.

“ఇప్పుడు చెప్పు. ఎంత?”

“తొమ్మిది పాయింట్ ఎనిమిది.”

“ఆ పాయింట్ రెండు ఏడ వోయిందిరా?”

“దాదీ తిట్టేది జల్ది కట్ చేసినవ్. ఇంక జర ఉంచాల్సుండె.”

“నీ పాడుగాను, నువ్వు మారవురా” అని వెంకటేశ్ నవ్వాడు. ముందు సీటువారు వెనక్కి తిరిగి చూసేటంతగా నవ్వాడు.

మరియం బీకి ఆ పాట మరునాడు వినిపించారు. ఆమె చివరిదాకా విన్నది. “పాట సంగతి తర్వాత, ముందుగాల గామెను దవాఖానకు తోల్కపొమ్మను ఎంకటేశ్‌ను” అన్నది. ఇంత సూటి విమర్శ ఆ ఆల్బమ్‌పై మరొకటి రాలేదు. వెంకటేశ్ ఆ వారమే సోమ్లీని తీసుకెళ్ళి చూపించాడు. మందులు వాడుతున్నది. ఘాటుకు దూరంగా ఉండమన్నారట. కల్లం పనులు అయ్యాక ఉంటానన్నది.

‘గల్లీ చక్రవర్తి’లో ఇప్పుడు గల్లీ లేదు, చక్రవర్తి లేడు. ఒక ముసలామె దగ్గు ఉంది. ఎనిమిది పాటలు మాయమై నెలలు గడిచాయి. మార్పును ఇంతవరకు ఎవరూ గమనించలేదు. ఐలేశ్ మొన్న ఒక సభలో తొమ్మిది పాటలనూ బడి పిల్లలకు పాఠ్యాంశంగా పెట్టాలని డిమాండు చేశాడు. ఆల్బమ్ స్థాయి నానాటికీ పెరుగుతున్నదని రాజలింగం అంగీకరించాడు. భాగ్యమ్మ అధ్యక్షతన మూడు జిల్లాల ఉమ్మడి అభిప్రాయ మండలి ఏర్పడింది. సొంత అభిప్రాయం కలిగినట్లు అనుమానం వచ్చినవారు ముందుగా మండలిని సంప్రదించాలి.

ఈ కథకు ఎన్ని మార్కులు వేయాలో పాఠకులు తమ తమ సంఘాలలో తీర్మానించుకోగలరు. పేరు చూడగానే వేసేసినవారి నిర్ణయంలో జోక్యం చేసుకునే ఉద్దేశం ఎవరికీ లేదు. వారు ఈ వాక్యం దాకా రాలేదు. అయినా వచ్చినట్లుగానే భావించడమైనది.